చిన్న తుపాకీ ఎందుకు ఎక్కువ తంతుంది, గురి ఎక్కడ తప్పుతుంది

పది మీటర్ల దూరంలో టార్గెట్ కాగితం. మధ్యలో సాసరంత నల్లటి గుండ్రం. కుడిచేతి వాటం ఉన్న మనిషి అరకిలో బరువున్న చిన్న రివాల్వర్‌తో ఐదు తూటాలు కాల్చాడు. కాగితం దగ్గరికి తెచ్చి చూస్తే గుండ్రంలో ఒక్కటీ లేదు. ఐదు రంధ్రాలూ కింద ఎడమవైపు, అరచేతితో మూసేయగలిగినంత జాగాలో గుంపుగా పడి ఉన్నాయి. "గన్ బాగా తంతోంది సార్, అందుకే పోతున్నాయి." ఇలాంటప్పుడు దాదాపు అందరి నోటా వచ్చే మొదటి మాట ఇది.

కాగితం మాత్రం వేరే సంగతి చెబుతోంది. తుపాకీ తన్నితే మూతి పైకి లేస్తుంది. పైకి లేచిన మూతిలోంచి వచ్చిన తూటా పైన తగలాలి. మరి ఇవి కిందెందుకు తగిలాయి?

రీకాయిల్ గురించి, అంటే ఈ తన్ను గురించి, గురి గురించి మాట్లాడుకోవాల్సిందంతా ఈ ప్రశ్నలోనే ఉంది. చిన్న తుపాకీ తన్నే మాట నిజమే. కానీ మొదటి తూటాను తప్పించేది ఆ తన్ను కాదు. తన్నబోతోందని చేతికి ముందే తెలిసి, చేయి ముందే ఉలిక్కిపడటం.

విశాఖకు తుపాకీ చప్పుడు కొత్త కాదు. తూర్పు నౌకాదళ కమాండ్ ఉన్న ఊరు. నేవీ డే అంటే ఆర్కే బీచ్‌లో పిల్లల్ని భుజాలకెక్కించుకుని మరీ విన్యాసాలు చూసే ఊరు. ఓడ మీది పెద్ద తుపాకీకైతే తన్ను మింగేందుకు నూనె, స్ప్రింగులతో పనిచేసే ఏర్పాటు దాని కింద ఉంటుంది. చేతిలో పట్టే పిస్టల్‌కు అలాంటిదేమీ లేదు. మణికట్టు, మోచేయి, భుజం, ఇవే దాని నూనె, ఇవే దాని స్ప్రింగులు.

ఎందుకు తంతుందో తెలియాలంటే ఫిజిక్స్ పుస్తకం కంటే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లడం మేలు. తెల్లవారుజామున చేపల వేలం మొదలయ్యే వేళ జెట్టీ పక్కన నిలబడితే చాలు. మరబోటు మీంచి మనిషి జెట్టీ మీదకు దూకితే బోటు కదిలినట్టు కూడా కనిపించదు. అదే మనిషి చిన్న తెప్ప మీంచి దూకితే తెప్ప సర్రున వెనక్కి పోతుంది. దూకిన మనిషి ఒకడే, దూకిన ఊపూ ఒకటే. వెనక్కి నెట్టించుకున్నదాని బరువు మారింది, అంతే. తూటా ఆ మనిషి, తుపాకీ ఆ తెప్ప. జేబులో పట్టాలని, నడుముకు బరువు కాకూడదని తుపాకీని ఎంత తేలిక చేస్తే అది అంత వేగంగా వెనక్కి వస్తుంది. చిన్నదైతే తన్ను కూడా చిన్నగానే ఉంటుందనుకుని కొనేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

మన దేశంలో మామూలు లైసెన్సుదారుకు 9 ఎంఎం పిస్టల్ దొరకదు. అది నిషేధిత బోరు (బోరంటే గొట్టం లోపలి రంధ్రం కొలత), పోలీసులకూ బలగాలకూ పరిమితం. పౌరుల చేతిలో ఎక్కువగా కనిపించేది .32 బోరు, దాని తర్వాత .22. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ 2014లో మహిళల కోసమంటూ తెచ్చిన 'నిర్భీక్' రివాల్వర్ కూడా .32 బోరే. టైటానియం మిశ్రలోహంతో చేసి దాని బరువును అరకిలో దగ్గరకు దించారు. హ్యాండ్‌బ్యాగ్‌లో పట్టాలన్నది ఉద్దేశం. బ్యాగ్‌లో మోసేటప్పుడు సుఖమిచ్చే ఆ తేలికే కాల్చేటప్పుడు కష్టం పెడుతుంది.

లెక్క వేస్తే సంగతి మరింత తేటపడుతుంది. .32 రివాల్వర్‌లో వాడే 'లాంగ్' రకం తూటాలో ముందుకు వెళ్లే సీసం సుమారు 6.4 గ్రాములు. చిన్న గొట్టంలోంచి అది సెకనుకు సుమారు 215 మీటర్ల వేగంతో బయటికొస్తుంది అనుకుందాం. 700 గ్రాముల రివాల్వర్ దానికి బదులుగా సెకనుకు దాదాపు 2 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. అరకిలో రివాల్వర్ అయితే 2.75 మీటర్లు. శక్తిలో చెప్పాలంటే మొదటిది 1.4 జౌల్స్ దగ్గర, రెండోది 1.9 జౌల్స్ దగ్గర. తూటా వెనకాలే ఎగదన్నే తుపాకీమందు వాయువుల వాటా ఇందులో కలపలేదు. అది కలిపితే ఇంకొంచెం పెరుగుతుంది.

1.9 జౌల్స్ అంటే ఎంత? అరకిలో పంచదార పొట్లం అడుగుంబావు ఎత్తు నుంచి అరచేతిలో పడితే ఎంత దెబ్బో అంత. ఎవరి చేయీ విరగదు. ఆ పొట్లాన్ని ఇంట్లో చిన్నపిల్లలు కూడా పట్టుకోగలరు. మరి రేంజ్‌లో పెద్ద పెద్ద వాళ్లకు కూడా చేయి ఎందుకు వణుకుతుంది? పొట్లం పడటం కంటికి కనిపిస్తుంది, మెల్లగా వస్తుంది. తుపాకీ తన్ను కన్ను ఆర్పేలోపు వచ్చి పోతుంది. పైగా పెద్ద చప్పుడు, మెరుపు, ముఖాన వేడిగాలి వెంటేసుకుని వస్తుంది. మెదడు ఈ నాలుగింటినీ ఒకే మూటగా కట్టి 'దెబ్బ' అని పేరు పెట్టుకుంటుంది. చాలామందిలో అసలు భయం తన్నుకు కాదు, చప్పుడుకు. చిన్న గొట్టం తుపాకీకి మందు మంట కొంత మూతి బయట తగలబడుతుంది కాబట్టి చప్పుడు ఇంకా పదునుగా ఉంటుంది. చిన్న చేతితుపాకీ చప్పుడు కూడా 150 డెసిబెల్స్ దాటిపోగలదు. చెవికి రక్షణ లేకుండా ఒక్కసారి కాల్చినా వినికిడికి నష్టమే. చెవిలో ప్లగ్గులు పెట్టుకుని, పైన ఇయర్‌మఫ్‌లు కూడా తగిలించుకుని కాల్చి చూస్తే చాలామంది "తన్ను తగ్గింది" అంటారు. తుపాకీలో ఏమీ మారలేదు. తగ్గింది చప్పుడు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మూడంగుళాల గొట్టంలోంచి తూటా బయటపడటానికి పట్టే సమయం సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ. ఆ కొద్ది సమయంలో అరకిలో తుపాకీ వెనక్కి జరిగేది దాదాపు ఒక మిల్లీమీటరు. మూతి కొద్దిగా పైకి లేవడం అప్పుడే మొదలవుతుంది, కాదనలేం. కానీ తయారీలోనే దానికి విరుగుడు ఉంది. గొట్టం పైన గురి చూసేందుకు ముందొకటి, వెనకొకటి ఉండే గుర్తులే సైట్లు. రివాల్వర్‌ను పక్కనుంచి జాగ్రత్తగా చూస్తే ముందు సైటు వెనకదాని కంటే ఎత్తుగా కనిపిస్తుంది. అంటే సైట్లు సమంగా కలిపినప్పుడు గొట్టం నిజానికి కాస్త కిందికి చూస్తుంటుంది. తూటా గొట్టం దాటేసరికి ఆ తేడా సరిపోతుంది. నెమ్మదిగా వెళ్లే బరువైన తూటా గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి దగ్గరి దూరాల్లో కాస్త పైన తగలడం, వేగంగా వెళ్లే తేలిక తూటా కాస్త కింద తగలడం కూడా ఇందువల్లే. వినడానికి తిరకాసుగా ఉన్నా రివాల్వర్ వాడేవాళ్లకు తెలిసిన సంగతే.

మనిషి ఒక చప్పుడు విని లేదా దెబ్బ తగిలి స్పందించడానికి సెకనులో కనీసం పదో వంతు, మామూలుగా అంతకంటే ఎక్కువే కావాలి. తూటా వెళ్లిపోయిన వంద రెట్ల సమయం తర్వాత గానీ చేతికి కబురే అందదు. కాబట్టి తుపాకీ తన్నిన తర్వాత చేయి ఏం చేసినా ఆ తూటాకు సంబంధం లేదు. కింద ఎడమవైపు పడిన ఆ ఐదు రంధ్రాల తప్పూ తూటా పేలక ముందే జరిగిపోయింది.

ఎలా జరుగుతుందంటే, ట్రిగ్గర్ సగం నొక్కేసరికి 'ఇక పేలుతుంది' అని లోపలి మనిషికి తెలిసిపోతుంది. లేవబోయే మూతిని ముందే అణచాలని మణికట్టు కిందికి నొక్కుతుంది. అదే క్షణంలో చూపుడువేలితో పాటు మిగతా వేళ్లన్నీ పిడికిలి బిగించినట్టు బిగుసుకుంటాయి. ఆవు పొదుగు పిండినట్టు అన్నమాట. కుడిచేతి వేళ్లు ఇలా బిగుసుకుంటే మూతి కిందికీ ఎడమకీ లాగుతుంది. ఎడమచేతి వాటం వాళ్లకు కిందికీ కుడికీ. ఈలోపు కళ్లు మూతపడతాయి. కాల్చిన మనిషిని అడిగితే మాత్రం తాను కన్ను మూయలేదని ఒట్టు పెట్టి మరీ చెబుతాడు. అబద్ధం కాదు, అతనికి నిజంగానే తెలియదు.

తెలిసేలా చేసే పాత చిట్కా ఒకటుంది, ఖర్చు లేనిది. కోచ్ రివాల్వర్ తీసుకుని, కాల్చే మనిషి చూడకుండా ఆరు తూటా గదుల్లో నాలుగింటిలో తూటాలు, రెండింటిలో డమ్మీలు, అంటే పేలని ఉత్తుత్తి తూటాలు, వేసి గదుల చక్రం తిప్పి మూసి ఇస్తాడు. ఏ గదిలో ఏముందో తెలియదు. మొదటిది పేలుతుంది. రెండోదీ పేలుతుంది. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే 'టిక్' మంటుంది, అంతే. పేలుడు లేదు, పొగ లేదు, తన్నూ లేదు. అయినా రివాల్వర్ మూతి రెండంగుళాలు కిందికి దిగి ఉంటుంది. దించింది ఎవరు? తుపాకీ మీద నేరం మోపడానికి అక్కడ వీలే లేదు. ఆ క్షణంలో సిగ్గుతో నవ్వని మనిషి అరుదు. ఆ నవ్వు తర్వాత నేర్చుకోవడం మొదలవుతుంది. చూసినంతలో, గంటసేపు చెప్పే పాఠం కంటే ఈ ఒక్క 'టిక్' ఎక్కువ పని చేస్తుంది. (అనుభవం ఉన్నవాళ్లు వేగంగా కాల్చేటప్పుడు వాళ్ల మూతి కూడా డమ్మీ మీద కిందికి దిగుతుంది. వాళ్లు తూటా వెళ్లాక తుపాకీని కిందికి తెచ్చే అలవాటులో ఉంటారు. వెనకాముందుల తేడా అది. పైకి ఒకేలా కనిపించినా రెండూ ఒకటి కావు.)

ఇక ట్రిగ్గర్. చిన్న రివాల్వర్ల విషయంలో దీనికి దక్కాల్సినంత మాట దక్కదు. డబుల్ యాక్షన్‌లో, అంటే హ్యామర్‌ను (తూటాను పేల్చే సుత్తిని) ముందుగా వెనక్కి లాగకుండా నేరుగా ట్రిగ్గర్ నొక్కితే, చాలా రివాల్వర్లలో నాలుగైదు కిలోల బలం పెట్టాలి. తుపాకీ బరువు అరకిలో. తన బరువుకు ఎనిమిది, పది రెట్ల బలంతో దాన్ని ఒక పక్కనుంచి లాగుతూ కదలకుండా ఉంచాలి. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీతో పోల్చి చూస్తే ఇది ఎంత అన్యాయమో అర్థమవుతుంది. అక్కడ ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకు తగ్గకూడదన్నది నియమం. ఆటగాళ్లు దాదాపు ఆ దగ్గరలోనే పెట్టుకుంటారు. పిస్టల్ మాత్రం కిలోకు అటూ ఇటూ ఉంటుంది. తుపాకీ బరువులో సగం ట్రిగ్గర్. ఇక్కడ తుపాకీకి పది రెట్లు ట్రిగ్గర్. కాబట్టి రివాల్వర్‌తో గురి కుదరని మనిషి తనకు చేతకాదని కుంగిపోనక్కర్లేదు. చేతిలో ఉన్న పనిముట్టు కష్టమైనది.

ట్రిగ్గర్ విషయంలో పనికొచ్చే మాట ఒక్కటే. నొక్కడం మొదలుపెట్టాక ఆగకూడదు, ఒక్కసారిగా గుంజకూడదు. ఒకే ఊపులో, ఒకే వేగంతో వెనక్కి. సైట్లు బాగా కలిసిన క్షణం చూసి 'ఇప్పుడే' అని లాగేస్తే చాలు, చేయంతా దాంతో పాటు కదులుతుంది. సైట్లు ఎప్పుడూ కాస్త ఊగుతూనే ఉంటాయి. ఒలింపిక్ స్థాయి వాళ్ల చేతిలోనూ ఊగుతాయి, వాళ్లకు తక్కువ ఊగుతాయి. ఆ ఊగులో ఉండగానే నెమ్మదిగా నొక్కుకుంటూ పోవాలి. ఊగు వల్ల వచ్చే తప్పు రెండు మూడు అంగుళాలైతే, గుంజడం వల్ల వచ్చేది అడుగు.

పట్టు దగ్గర కాస్త ఆగాలి. చిన్న తుపాకీలో మన చేతికి నిజంగా అందుబాటులో ఉన్నది ఇదొక్కటే. గొట్టం ఎత్తు, చేతి ఎత్తు మధ్య ఎంత దూరముంటే తన్ను మూతిని అంత పైకి తిప్పుతుంది. గడ్డపారను చివర పట్టుకుని లేపడానికీ, మధ్యలో పట్టుకుని లేపడానికీ ఉన్న తేడానే ఇక్కడా ఉంది. కాబట్టి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న చర్మం పిడి వెనక భాగంలో ఎంత పైకి వీలైతే అంత పైకి వెళ్లాలి. రివాల్వర్‌లో హ్యామర్‌కు అడ్డు రానంత వరకు, పిస్టల్‌లో స్లైడ్‌కు, అంటే పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగానికి, అందనంత వరకు. స్లైడ్ దారిలో బొటనవేలు ఉంచిన వాళ్ల చేతి మీద రెండు గీతలు కనిపిస్తాయి, మళ్లీ చెప్పాల్సిన అవసరం రాదు. రివాల్వర్‌లో ఇంకో ప్రమాదం ఉంది. తూటా గదుల చక్రానికీ గొట్టానికీ మధ్య సన్నటి సందులోంచి నిప్పులాంటి వాయువు పక్కలకు చిమ్ముతుంది. రెండో చేతి వేళ్లు ఆ సందు పక్కకు రాకూడదు. పిస్టల్ పట్టు అలవాటైన వాళ్లు బొటనవేళ్లను ముందుకు చాపి రివాల్వర్ పట్టుకుంటే కాలేది ఇక్కడే.

చిన్న పిడికి చిటికెన వేలు ఆనదు. కింద గాలిలో వేలాడుతుంది. మూడు వేళ్లతో పట్టాల్సింది రెండు వేళ్లతో పట్టినట్టు అవుతుంది. రబ్బరు పిడి వేయించుకుంటే, అది కాస్త పొడవైతే, చిటికెన వేలికీ చోటు దొరుకుతుంది. బావిలోంచి సన్నటి తాడుతో బిందె లాగితే చేయి కోసుకుపోతుంది, వెడల్పు పట్టీతో లాగితే కోసుకుపోదు. బరువు అదే, ఆనే చోటు పెరిగింది. పిడి కూడా అంతే. జేబులో దాచడానికి కొంచెం ఇబ్బంది అవుతుంది, నిజమే. రెండూ కావాలంటే కుదరదు.

ఎంత గట్టిగా పట్టుకోవాలి? గట్టి షేక్‌హ్యాండ్ అంత అని చాలా చోట్ల చెబుతారు. ఆ మాట మంచిదే గానీ ఏ చేయి అన్నది చెప్పరు. కాల్చే చేయి మరీ బిగిస్తే చూపుడువేలు స్వేచ్ఛగా కదలదు, వేళ్లన్నీ కలిసి పిండడం మళ్లీ మొదలవుతుంది. అందుకే ఎక్కువ బిగింపు రెండో చేతిది కావాలి. కాల్చే చేతి మీద అది దుప్పటిలా చుట్టుకుని, పక్కలనుంచి బిగించి, మణికట్లు కదలకుండా చూస్తే కాల్చే చేతికి ఒక్క పని మిగులుతుంది, ట్రిగ్గర్ నొక్కడం. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో మణికట్టు వదులైతే ఇంకో నష్టముంది. స్లైడ్ వెనక్కి వెళ్లి ఖాళీ షెల్ బయటికి విసిరి కొత్త తూటా ఎక్కించాలంటే దాని కింది భాగాన్ని ఎవరో ఒకరు కదలకుండా పట్టాలి. మణికట్టు దాంతో పాటే వెనక్కి పోతే స్లైడ్‌కు ఊపు చాలక షెల్ ఇరుక్కుపోతుంది. కొత్తవాళ్లు పిస్టల్ చెడిపోయిందని తిట్టుకునే సందర్భాల్లో కొన్ని ఇవే.

విశాఖలో దీనికి తోడు చెమట ఒకటి. మార్చి దాటిందంటే గాలిలో తేమ, అరచేయి ఎప్పుడూ తడి. నున్నటి చెక్క పిడి మొదటి తూటాకు ఒక చోట ఉంటే ఐదో తూటాకు అర సెంటీమీటరు కిందికి జారి ఉంటుంది. పట్టు జారితే తూటా మారినట్టే. అందుకే గరుకు పిడి, చేతిరుమాలు, ఐదు తూటాలకోసారి చేయి తుడుచుకోవడం వంటివి ఇక్కడ చాదస్తం కాదు. తుపాకీ తుడిచేటప్పుడు పిడికి నూనె అంటితే అదో తంటా. నూనె లేకుండా వదిలేయలేం కూడా. సముద్రపు ఉప్పుగాలి స్కూటర్ సైలెన్సర్‌ను ఏం చేస్తుందో బీచ్‌రోడ్డు పక్క అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. చెమట చేతితో పట్టిన తుపాకీని ఆ రాత్రే తుడవకపోతే తెల్లారేసరికి హ్యామర్ పక్కన ఎర్రటి చుక్కలు కనిపించవచ్చు. తోలు కవరులో పెట్టి బీరువాలో దాచడం మరీ తప్పు, తోలు తేమను పట్టి ఉంచుతుంది.

నిలబడే తీరు గురించి వాదాలు చాలా ఉన్నాయి. 1950లలో అమెరికాలో జాక్ వీవర్ అనే పోలీసు అధికారి రెండు చేతులతో పట్టి, ఒక కాలు వెనక్కి వేసి కాల్చి పోటీలు గెలిచాక ఆ పద్ధతికి అతని పేరే పడింది. ఇప్పుడు ఎక్కువమంది రెండు చేతులూ సమంగా ముందుకు చాపి ఎదురుగా నిలబడే పద్ధతి నేర్పుతున్నారు. ఏదైనా సరే, బరువు మడమల మీద ఉండకూడదు. వెనక్కి వాలి నిలబడటం భయపడ్డ శరీరం సహజంగా చేసే పని. ఒక్క తూటాకు అది పెద్దగా నష్టం కాదు. రెండోదానికి నష్టం.

రీకాయిల్‌ను అదుపు చేయడం నిజంగా పనికొచ్చేది ఆ రెండో తూటా దగ్గరే. మూతి లేస్తుంది, ఎంత బలవంతుడైనా లేస్తుంది. దాన్ని లేవకుండా ఆపడం లక్ష్యం కాదు, ప్రతిసారీ ఒకే ఎత్తుకు లేచి, ఒకే దారిలో, తనంతట తానే మొదటి చోటుకు రావాలి. పట్టు ప్రతిసారీ ఒకేలా ఉంటేనే అది సాధ్యం. 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పోటీ చూస్తే ఈ మాటకు అర్థం తెలుస్తుంది. ఐదు టార్గెట్లు, ఐదు తూటాలు, చివరి దశలో మొత్తానికి 4 సెకన్లు. అదీ ఒక్క చేత్తో. 2012 లండన్ ఒలింపిక్స్‌లో విజయ్ కుమార్ వెండి పతకం తెచ్చింది ఈ పోటీలోనే. .22 తూటా తన్ను తక్కువే, కిలో దాటిన పిస్టల్‌లో ఇంకా తక్కువ. అయినా ప్రతి తూటాకూ మూతి లేచి, పక్క టార్గెట్ మీద సరిగ్గా వాలాలి. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వెండి గెలిచిన 25 మీటర్ల పిస్టల్‌లోనూ సగం పోటీ ఇలాంటిదే. టార్గెట్ కనిపించేది 3 సెకన్లు, దించిన చేయి లేపి ఒక్క తూటా కాల్చాలి, 7 సెకన్లు ఆగి మళ్లీ.

చిన్న తుపాకీకి ఇంకో లోపముంది, దానికీ రీకాయిల్‌కూ సంబంధం లేదు గానీ నింద మాత్రం రీకాయిల్ మీదికే పోతుంది. మూడంగుళాల రివాల్వర్‌లో ముందు, వెనక సైట్ల మధ్య దూరం పదకొండు, పన్నెండు సెంటీమీటర్లు. వాటిని కలపడంలో ఒక్క మిల్లీమీటరు తప్పు జరిగితే పది మీటర్ల దూరంలో అది దాదాపు తొమ్మిది సెంటీమీటర్లు అవుతుంది. పోటీ ఎయిర్ పిస్టల్‌లో ఆ దూరం దాదాపు మూడు రెట్లు, అదే తప్పు అక్కడ మూడు సెంటీమీటర్లే. కన్ను ఒకేసారి టార్గెట్‌నూ సైటునూ స్పష్టంగా చూడలేదు. ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకోవాల్సింది ముందు సైటు. టార్గెట్ మసకగా కనిపించినా పర్వాలేదు. కొత్తవాళ్లు తమ తూటా ఎక్కడ తగిలిందో చూడాలన్న ఆత్రంతో ట్రిగ్గర్ నొక్కుతూనే తల ఎత్తి కాగితం వైపు చూస్తారు. తల ఎత్తిన చోటికే తుపాకీ కూడా కదులుతుంది.

సాధనకు తూటాలు ఎక్కడివి? లైసెన్సు మీద రాసినన్నే కొనాలి, అవీ చవక కాదు. కాల్చడానికి అనుమతి ఉన్న రేంజ్ కావాలి. భీమిలి వైపు సరుగుడు తోటలో ఎవరూ లేరు కదా అని కాల్చడం నేరం. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చినా ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. ఎన్నికల కోడ్ వస్తే తుపాకీ పోలీసు స్టేషన్‌లో అప్పగించాల్సి రావచ్చు, మళ్లీ తెచ్చుకునేసరికి చేయి పాతకథకు వస్తుంది. అందుకే రెండు దారులు మిగులుతాయి. ఒకటి ఎయిర్ పిస్టల్. పోటీల్లో వాడే .177 ఎయిర్ పిస్టల్‌కు ఆయుధ లైసెన్సు అక్కర్లేదు, తన్ను దాదాపు లేదు, పెల్లెట్లు, అంటే దానిలో వాడే చిన్న గుళ్లు, తూటాలతో పోలిస్తే చాలా చవక. టార్గెట్‌లో పది పాయింట్ల గుండ్రం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. దాన్ని ఒక్క చేత్తో కొట్టడం అలవాటైన వేలు ఏ ట్రిగ్గర్ మీదైనా మర్యాదగా ఉంటుంది. 2024 పారిస్‌లో మను భాకర్ రెండు కంచు పతకాలు తెచ్చాక ఈ ఆటకు పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు దాని గురించి విడిగా చెప్పాల్సిన పని తగ్గింది.

రెండో దారి ఖాళీ తుపాకీతో సాధన. గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు. వేరే గదిలో పెట్టి తాళం వేసి రావాలి. చక్రం తెరిచి కళ్లతో చూసి, వేలితో తడిమి, మళ్లీ చూడాలి. అవతల మనుషులు లేని గట్టి గోడ వైపు పట్టాలి. అపార్ట్‌మెంట్లలో పలచటి గోడలు గట్టి గోడలు కావు. .22 తుపాకీలను, ముఖ్యంగా పాతవాటిని, ఉత్తినే కొడితే లోపలి పిన్ను పాడయ్యే ప్రమాదముంది, వాటికి డమ్మీలు వేసుకోవాలి. ఇక పని చిన్నదే. ముందు సైటు వెనకాల గొట్టం మీద రూపాయి బిళ్ల నిలబెట్టే చోటుంటే పెట్టి, బిళ్ల పడకుండా ట్రిగ్గర్ పూర్తిగా నొక్కాలి. మొదటి రోజు నాలుగో వంతు నొక్కేసరికే బిళ్ల గచ్చు మీద మోగుతుంది. రోజుకు పది నిమిషాలు చాలు, అంతకు మించితే వేలు అలసిపోయి తప్పుడు అలవాటు నేర్చుకుంటుంది.

వారం తర్వాత రేంజ్‌కు వెళ్లినప్పుడు కాగితాన్ని చదవడం తెలిసుండాలి. రంధ్రాలు నలుమూలలా చెదిరితే చూపు సైటు మీద లేదు. నిలువుగా ఒక గీతలా పడితే ఊపిరి తీస్తూ కాల్చుతున్నారు, లేదా పట్టు ప్రతిసారీ మారుతోంది. ఒకచోట గుంపుగా, కింద పక్కకు పడితే ఉలికిపాటు. డమ్మీల పరీక్షలో మూతి కదలకుండా ఉండి, అయినా గుంపు పక్కకు పడితేనే సైట్ల మీద అనుమానపడాలి.

చాలామంది ఈ వరుసను తలకిందులు చేస్తారు. తూటాలు కింద తగులుతున్నాయి కాబట్టి ముందు సైటును ఆకురాయితో కాస్త అరగదీయించుకుంటారు. ముందు సైటు తగ్గితే తూటా పైకి వస్తుంది, లెక్క సరైనదే. నాలుగు రోజులు నల్ల గుండ్రంలోనే తగులుతాయి, సంతోషం. ఆ తర్వాత సాధన కుదిరి, ఉలికిపాటు పోయి, చేయి నిలకడగా నిలబడిన రోజు తూటాలన్నీ కాగితం పైఅంచు దాటిపోతాయి. అరగదీసిన ఇనుము మళ్లీ మొలవదు. కొత్త సైటు వేయించుకోవాలంటే లైసెన్సున్న రిపేరు షాపు వెతుక్కోవాలి.